నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్

నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ (క్లుప్తంగా ఎన్.ఎమ్.ఎమ్.ఎస్.) అనునది పేద కుటుంబాలకు చెందిన ప్రతిభ గల విద్యార్థులకు భారత ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం. ఎనిమిదవ తరగతిలో వ్రాసే పరీక్ష ద్వారా ఎంపికైనవారికి తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు, అనగా తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం వరకు, నాలుగేళ్ళపాటు ఇది అందుతుంది. ప్రస్తుతం వేతనం సంవత్సరానికి 12,000 రూపాయలు. దేశం మొత్తానికి ఏటా లక్ష కొత్త ఉపకార వేతనాలు కేటాయించబడ్డాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087, తెలంగాణ వాటా 2,921.

పరీక్ష కష్టమైనదే గాని, ఈ పథకంలో ఎక్కువమంది నష్టపోయేది పరీక్షలో కాదు. ఎంపికైన తరువాత దరఖాస్తు చేయకపోవడం వలన, చేసినా పేరు సరిపోలకపోవడం వలన, ఏటేటా పునరుద్ధరించుకోకపోవడం వలన, పదవ తరగతి తరువాత ప్రైవేటు కళాశాలలో చేరడం వలన వేతనం చేజారిపోతుంది. ఈ వ్యాసంలో ఆ విషయాలు కొంత విపులంగా ఇవ్వబడ్డాయి.

నేపథ్యం

పేద విద్యార్థికి ఊరు తోడు నిలవడం తెలుగునాట కొత్త కాదు. చదువు కోసం పట్టణానికి వచ్చిన పిల్లవాడు వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం చేస్తూ చదువుకోవడాన్ని 'వారాలు చేసుకోవడం' అనేవారు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగంలో పెద్ద చదువులు చదివిన అనేకమంది జీవిత చరిత్రలలో ఈ వారాల ప్రస్తావన కనిపిస్తుంది. అయితే ఆ సహాయం ఇచ్చేవారి దయ మీద, చాలా సందర్భాలలో కులం మీద కూడా ఆధారపడి ఉండేది. ఆ కారణంగానే ఆయా సామాజిక వర్గాల పేర విద్యార్థి వసతి గృహాలు వెలిశాయి. హైదరాబాదులో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టల్ అటువంటిదే. ప్రభుత్వపరంగా చూస్తే, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనాలు 1944లోనే మొదలైనవి.

మెట్రిక్ అనంతర వేతనం పదవ తరగతి దాటినవారికి మాత్రమే. పదవ తరగతి వరకు రాకుండానే బడి మానేసేవారి సంగతి వేరు. ఎనిమిదవ తరగతి తరువాత చదువు ఆపివేయకుండా చూచి, హయ్యర్ సెకండరీ స్థాయి వరకు కొనసాగేలా ప్రోత్సహించడం లక్ష్యంగా 2008 మే నెలలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ (2020 నుండి విద్యా శాఖ) ఈ పథకాన్ని ప్రవేశపెట్టింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం కూడా ఆరు నుండి పద్నాలుగేళ్ళ వయసు వారికి, ఎనిమిదవ తరగతి వరకే వర్తిస్తుంది. ఆ తరువాతి నాలుగేళ్ళు ఈ వేతనం పరిధిలోకి వస్తాయి.

తెలుగు ప్రాంతంలో బడి నిర్మాణం కొంత భిన్నమైనది. ఇక్కడి ప్రాథమికోన్నత పాఠశాలలు చాలావరకు ఏడవ తరగతితో ముగిసేవి. ఒకప్పుడు ఏడవ తరగతికి పబ్లిక్ పరీక్ష కూడా ఉండేది. ఎనిమిదిలో ఉన్నత పాఠశాలలో చేరినవాడు సాధారణంగా అదే బడిలో పది వరకు చదువుతాడు. కనుక ఇక్కడి పిల్లలకు అసలైన గండం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య కంటె పదికీ ఇంటర్మీడియట్‌కూ మధ్యనే ఎక్కువ. ఈ పథకం నిబంధనలు కూడా సరిగా అక్కడే బిగుసుకుంటాయి.

అర్హతలు

ప్రభుత్వ, స్థానిక సంస్థల (జిల్లా పరిషత్, మండల పరిషత్, పురపాలక), ప్రభుత్వ సహాయం పొందే ఎయిడెడ్ పాఠశాలలలో రెగ్యులరుగా ఎనిమిదవ తరగతి చదువుతున్నవారు పరీక్షకు అర్హులు. ఏడవ తరగతిలో కనీసం 55 శాతం మార్కులు వచ్చి ఉండవలెను. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 50 శాతం చాలును. తల్లిదండ్రుల సంవత్సరాదాయం 3,50,000 రూపాయలకు మించరాదు. మొదట ఈ పరిమితి 1,50,000గా ఉండేది. 2021-22 నుండి 2025-26 వరకు పథకాన్ని పొడిగించిన సందర్భంలో దానిని పెంచారు. ఈ మార్పుతో చిన్న జీతగాళ్ళ పిల్లలు కూడా అర్హులైనారు.

ప్రైవేటు పాఠశాలల విద్యార్థులు, కేంద్రీయ విద్యాలయాలు, జవహర్ నవోదయ విద్యాలయాలలో చదివేవారు అర్హులు కారు. రాష్ట్ర ప్రభుత్వాలు ఉచిత భోజన వసతులతో నడిపే ఆశ్రమ పాఠశాలలు, గురుకులాల విద్యార్థులకూ ఇది వర్తించదు. వసతి సౌకర్యం ఉపయోగించుకోని ఆదర్శ పాఠశాలల విద్యార్థులు మాత్రం దరఖాస్తు చేయవచ్చును.

గురుకులాల నిబంధన తెలుగు రాష్ట్రాలలో ప్రత్యేకంగా గమనించదగినది. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల విద్య తరువాతి దశాబ్దాలలో బాగా విస్తరించింది. పేద కుటుంబాలలోని చురుకైన పిల్లలు చాలామంది ప్రవేశ పరీక్షలు వ్రాసి అక్కడ చేరుతున్నారు. వారి భోజన వసతుల ఖర్చు ప్రభుత్వమే భరిస్తున్నది గనుక వారికి ఈ వేతనం ఇవ్వకపోవడంలో న్యాయం లేకపోలేదు. చిక్కు వచ్చేది మధ్యలో మారినవారికి. ఎనిమిదిలో ఉండగా వేతనానికి ఎంపికై, తొమ్మిదిలో గురుకులంలో సీటు వచ్చి వెళ్ళినవారు వేతనాన్ని కోల్పోతారు. ఏది మేలన్నది ఇంటి పరిస్థితిని బట్టి తల్లిదండ్రులు ముందే ఆలోచించుకోవలసిన విషయం.

పరీక్షా విధానం

పరీక్షను ఆయా రాష్ట్ర ప్రభుత్వాలు నిర్వహిస్తాయి. తెలుగు రాష్ట్రాలలో ఈ బాధ్యత ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయానిది. దరఖాస్తును విద్యార్థి నేరుగా కాక, తాను చదివే పాఠశాల ప్రధానోపాధ్యాయుని ద్వారా సమర్పించవలెను. పరీక్ష సాధారణంగా విద్యా సంవత్సరపు రెండవ అర్ధభాగం మొదట్లో, ఒక ఆదివారం నాడు జరుగుతుంది.

ప్రశ్నపత్రంలో రెండు భాగాలుంటాయి. మొదటిది మానసిక సామర్థ్య పరీక్ష, రెండవది పాఠ్యాంశ సామర్థ్య పరీక్ష. ఒక్కొక్కదానికి 90 ప్రశ్నలు, 90 మార్కులు, 90 నిమిషాలు. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు అదనపు సమయం ఇస్తారు. అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు, కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలనవసరం లేదు.

పాఠ్యాంశ సామర్థ్య పరీక్షలో ఏడు, ఎనిమిది తరగతుల పాఠ్యపుస్తకాల నుండి విజ్ఞాన శాస్త్రంలో 35, సాంఘిక శాస్త్రంలో 35, గణితంలో 20 ప్రశ్నలు వస్తాయి. తరగతిలో పాఠాలు శ్రద్ధగా చదివిన వారికి ఇది పెద్ద సమస్య కాదు. పల్లెటూరి పిల్లలు తడబడేది మొదటి భాగంలోనే. సంఖ్యా శ్రేణులు, అక్షర శ్రేణులు, పోలికలు, భిన్నమైనదానిని గుర్తించడం, సంకేత భాష, దాగిన ఆకారాలను కనుగొనడం వంటి ప్రశ్నలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. ఉదాహరణకు 3, 7, 15, 31 తరువాత వచ్చే సంఖ్య ఏది అన్న ప్రశ్నకు, ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేసి ఒకటి కలుపుతున్నారని పట్టుకొనగలిగితే 63 అని క్షణంలో చెప్పవచ్చును. ఇది తెలివికి సంబంధించినదే గాని, ఇటువంటి ప్రశ్నను ముందెన్నడూ చూడని పిల్లవానికీ, వందసార్లు అభ్యాసం చేసినవానికీ పోటీ సమానం కాదు. పాత ప్రశ్నపత్రాలను గడియారం ముందు పెట్టుకొని సాధన చేయడమే ఇందుకు మార్గం. అనేక ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయులు బడి వేళలకు ముందో తరువాతో ఇందుకోసం తరగతులు తీసుకొంటున్నారు. ఏటా ఒకే పాఠశాల నుండి ఎక్కువమంది ఎంపిక కావడానికి కారణం చాలావరకు ఇదే.

ఉత్తీర్ణతకు రెండు భాగాలు కలిపి 40 శాతం, అనగా 180కి 72 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 32 శాతం. ఉత్తీర్ణులైనవారందరికీ వేతనం రాదు. రాష్ట్రానికి వచ్చిన సంఖ్యను జిల్లాలకు పంచి, రాష్ట్రంలో అమలులో ఉన్న రిజర్వేషన్లను పాటిస్తూ ప్రతిభాక్రమంలో ఎంపిక చేస్తారు. అందువలన ఒక జిల్లాలో వేతనం వచ్చిన మార్కులకే మరొక జిల్లాలో రాకపోవచ్చును.

వేతనం విలువ

పథకం మొదలైనప్పుడు వేతనం నెలకు 500 రూపాయలు, ఏడాదికి 6,000. 2017 ఏప్రిల్ 1 నుండి దానిని నెలకు వెయ్యి, ఏడాదికి 12,000 చేశారు. నాలుగేళ్ళూ కొనసాగితే మొత్తం 48,000 రూపాయలు. 2017 తరువాత మళ్ళీ పెంపు లేదు. ఈలోగా బస్సు ఛార్జీలు, పుస్తకాలు, బట్టల ధరలు ఎక్కడ ఉన్నవి ఎక్కడికి చేరాయో పాఠకులకు తెలిసినదే. అయినప్పటికీ కూలి పనికి వెళ్ళే కుటుంబంలో ఏడాదికొకసారి ఒక్కమొత్తంగా చేతికి వచ్చే 12,000 రూపాయలు చిన్న విషయం కాదు. ముఖ్యంగా ఆడపిల్లను పై చదువుకు పంపడానికి ఇంట్లో వెనుకాడుతున్నప్పుడు, ఆమె పేరు మీదనే ఖాతాలో పడే డబ్బు ఆ నిర్ణయాన్ని మార్చగలదు.

ఎంపికైన తరువాత

ఫలితాలలో పేరు వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. ఈ సంగతి తెలియక మొదటి ఏడాదే వేతనం పోగొట్టుకొనేవారు ఉన్నారు. ఎంపికైన విద్యార్థి తొమ్మిదవ తరగతిలో చేరిన తరువాత జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో తాజా దరఖాస్తు చేయవలెను. 2015లో ప్రారంభమైన ఈ పోర్టల్‌లో కేంద్ర ప్రభుత్వపు అనేక ఉపకార వేతనాలకు ఒకేచోట దరఖాస్తు చేయవచ్చును. ముందుగా ఆధార్ ఆధారంగా ఒకసారి నమోదు చేసుకొని శాశ్వత నమోదు సంఖ్య పొందవలెను. దరఖాస్తును మొదట పాఠశాల నోడల్ అధికారి, తరువాత జిల్లా నోడల్ అధికారి పరిశీలించి ఆమోదిస్తారు. రెండు స్థాయిలకూ వేరువేరు గడువులు ఉంటాయి. విద్యార్థి సకాలంలో దరఖాస్తు చేసినా పాఠశాల స్థాయిలో ఆమోదం జరగకపోతే అది అక్కడే ఆగిపోతుంది. కనుక దరఖాస్తు చేసి ఊరుకోక, అది ఏ దశలో ఉన్నదో పోర్టల్‌లో చూసుకొంటూ ఉండవలెను.

దరఖాస్తులు ఆగిపోవడానికి ప్రధాన కారణం పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. బడి రిజిస్టరులో 'కె. లక్ష్మి' అని ఉంటుంది, ఆధార్‌లో 'కొమ్ము లక్ష్మి' అని ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో 'లక్ష్మి కొమ్ము' అని ఉంటుంది. ఊరివారందరికీ ముగ్గురూ ఒక్కరే. కంప్యూటరుకు మాత్రం ముగ్గురు వేరువేరు మనుషులు. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసేటప్పుడు 'ల' తరువాతి దీర్ఘాలు, ఒత్తులు రకరకాలుగా మారడం మరొక చిక్కు. పుట్టిన తేదీ విషయంలోనూ ఇంతే. బడిలో చేర్చేటప్పుడు అంచనాగా వేసిన తేదీకీ, ఆధార్ తీసుకొన్నప్పుడు చెప్పిన తేదీకీ తేడా ఉంటుంది. పరీక్షకు దరఖాస్తు చేసేనాటికే, అనగా ఎనిమిదవ తరగతి మొదట్లోనే, ఇవన్నీ ఒకటిగా ఉండేలా సరిచేయించుకొంటే తరువాత తిరగవలసిన అవసరం తప్పుతుంది. ప్రతిభావంతుల జాబితాలో పేరు ఎలా ఎక్కితే పోర్టల్‌లో అలాగే సరిపోల్చుతారు గనుక, ఎంపికైన తరువాత సరిదిద్దడం కంటె ముందే సరిచేసుకోవడం సులభం.

డబ్బు విద్యార్థి బ్యాంకు ఖాతాకే నేరుగా జమ అవుతుంది. ఖాతా విద్యార్థి పేరున ఉండి, ఆధార్‌తో అనుసంధానమై, వాడుకలో ఉండవలెను. ఎప్పుడో తెరచి లావాదేవీలు లేక నిద్రాణమైన ఖాతాలకు పంపిన సొమ్ము తిరిగి వెళ్ళిపోతుంది. ఒకటికి మించి ఖాతాలు ఉన్నవారికి, ఆధార్‌తో చివరగా అనుసంధానించిన ఖాతాలో సొమ్ము పడవచ్చును. రాలేదని చింతించే ముందు ఆ ఖాతాను కూడా చూసుకోవలెను. ఆదాయ ధ్రువీకరణ పత్రం తహసీల్దారు జారీచేసినదై ఉండవలెను. అర్హత గలవారు కుల ధ్రువీకరణ పత్రాన్ని, దివ్యాంగులు సంబంధిత పత్రాన్ని కూడా సిద్ధం చేసుకోవలెను.

పునరుద్ధరణ

పది, పదకొండు, పన్నెండు తరగతులలో ప్రతి ఏటా అదే పోర్టల్‌లో పునరుద్ధరణ దరఖాస్తు చేయవలెను. తొమ్మిది నుండి పదికి, పదకొండు నుండి పన్నెండుకు మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులు కావలెను. పదవ తరగతిలో 60 శాతం మార్కులు తప్పనిసరి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 5 శాతం సడలింపు ఉన్నది.

నాలుగేళ్ళలో అతి పెద్ద మలుపు పదవ తరగతి తరువాత వస్తుంది. వేతనం కొనసాగాలంటే విద్యార్థి ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ సంస్థలోనే చదువు సాగించవలెను. ఇతర రాష్ట్రాలలో పదకొండు, పన్నెండు తరగతులు తరచుగా అదే బడిలో ఉంటాయి. తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ వేరే కళాశాలలో చదవాలి, ఆ కళాశాలలలో ప్రైవేటువి చాలా ఎక్కువ. ఈఏపీసెట్, జేఈఈ వంటి పరీక్షల మీద ఆశతో, మంచి మార్కులు వచ్చిన పిల్లలను ప్రైవేటు కళాశాలలు ఫీజు తగ్గించి మరీ చేర్చుకొంటాయి. అలా చేరినవారి వేతనం ఆగిపోతుంది. మిగిలిన రెండేళ్ళ 24,000 రూపాయలను కళాశాల ఇచ్చే రాయితీతో పోల్చి చూసుకొని నిర్ణయించుకోవలసినది కుటుంబమే. కాని ఆ లెక్క వేయడానికి ముందు నిబంధన ఒకటున్నదని వారికి తెలియాలి. పదవ తరగతి టి.సి. ఇచ్చే రోజున ప్రధానోపాధ్యాయులు ఒక్కమాట చెప్పినా ఆ మేలు జరుగుతుంది.

వినియోగం

2008-09 నుండి 2020-21 వరకు 22.06 లక్షల ఉపకార వేతనాలు మంజూరైనవని, 1,783.03 కోట్ల రూపాయలు ఖర్చయినవని కేంద్ర విద్యా శాఖ ప్రకటించింది. సగటు చూస్తే ఒక్కొక్క మంజూరుకు ఎనిమిది వేల పైచిలుకు వస్తుంది. ఇది 6,000కూ 12,000కూ మధ్యలో ఉన్నది గనుక, ఈ సంఖ్య ఏటేటా ఇచ్చిన వేతనాల మొత్తమే అనుకోవాలి. ఏటా లక్షమంది కొత్తవారు చేరి, అందరూ నాలుగేళ్ళు కొనసాగి ఉంటే లెక్క ఎలా ఉండేది? మొదటి ఏడాది ఒక లక్ష, రెండవ ఏడాది రెండు, మూడవ ఏడాది మూడు, ఆ తరువాతి పదేళ్ళలో ఏడాదికి నాలుగు లక్షల చొప్పున మొత్తం 46 లక్షలు. మంజూరైనవి అందులో సగం కూడా లేవు. 2021-22 నుండి అయిదేళ్ళకు వేసిన అంచనాలో కూడా, 20 లక్షలకు వీలున్నచోట 14.76 లక్షల వేతనాలకు 1,827 కోట్ల రూపాయలు చూపారు. అనగా మధ్యలో జారిపోయేవారు ఉంటారని ప్రభుత్వమూ ముందే ఊహించింది. నిధులున్నాయి, పరీక్ష నెగ్గిన పిల్లలున్నారు. రెంటికీ మధ్య తెగిపోతున్నది దరఖాస్తు అనే దారం.

స్థానిక సంస్థల పాత్ర

ఈ పథకంలో స్వచ్ఛంద సంస్థలకు నిధులేమీ కేటాయించబడలేదు. అయినా గ్రామంలోని గ్రంథాలయ సంఘమో, యువజన సంఘమో, పూర్వ విద్యార్థుల సంఘమో చేయగల పని చాలా ఉన్నది. సాధన పుస్తకాలు కొని బడికి ఇవ్వడం, పరీక్ష నాడు పిల్లలను కేంద్రానికి చేర్చడం, ఎంపికైనవారి పేర్ల పట్టిక ఒకటి వ్రాసిపెట్టుకొని ప్రతి ఏటా పునరుద్ధరణ గడువుకు ముందు వారిని హెచ్చరించడం వంటివి పెద్ద ఖర్చు లేనివి. వీటిలో చివరిదే అన్నిటికంటె ఎక్కువ ఫలితమిచ్చేది.

చందాలు సేకరించే సంఘాలు కొన్ని నియమాలు తెలుసుకొని ఉండవలెను. స్వదేశంలోని దాతకు ఆదాయపు పన్ను రాయితీ రావాలంటే సంస్థకు 80జి గుర్తింపు ఉండాలి. కంపెనీల సామాజిక బాధ్యతా నిధులు కోరే సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి సి.ఎస్.ఆర్.-1 పత్రం ద్వారా నమోదై ఉండాలి. విదేశాలలోని తెలుగువారు తమ ఊరి బడికి సహాయం చేయదలచినప్పుడు తరచుగా పొరపాటు జరిగేది విదేశీ విరాళాల చట్టం విషయంలో. ఆ చట్టం క్రింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘం విదేశీ విరాళం స్వీకరించరాదు. 2020 సవరణ తరువాత, నమోదైన సంస్థ కూడా తనకు వచ్చిన విదేశీ సొమ్మును మరొక సంస్థకు బదలాయించడానికి వీలులేదు. కాబట్టి 'మీ పేరున తీసుకొని మాకు ఇవ్వండి' అనే పద్ధతి ఇప్పుడు చెల్లదు.

ఇతర ఉపకార వేతనాలు

ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆధ్వర్యంలో 1963లో మొదలైన ప్రతిభాన్వేషణ పరీక్ష (ఎన్.టి.ఎస్.ఇ.) 2021 తరువాత నిలిపివేయబడినది. దానికి సిద్ధమవుతూ వచ్చిన పాఠశాలలకు ఇప్పుడు ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. పరీక్షే ప్రధానమైనది. తేడా ఏమనగా, ప్రతిభాన్వేషణ పరీక్షకు ఆదాయ పరిమితి ఉండేది కాదు, ప్రైవేటు బడుల పిల్లలూ వ్రాసేవారు.

పదవ తరగతి తరువాత ప్రైవేటు కళాశాలలో చేరి వేతనం కోల్పోయినవారు విద్యాధన్ ఉపకార వేతనాన్ని ప్రయత్నించవచ్చును. ఎస్.డి.శిబులాల్, కుమారి శిబులాల్ దంపతులు 1999లో స్థాపించిన సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ దీనిని ఇస్తున్నది. పదవ తరగతిలో అత్యధిక మార్కులు వచ్చి, కుటుంబ ఆదాయం రెండు లక్షల లోపు ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూడా ఇది లభిస్తుంది. రత్నం చిట్టూరి 1989లో అమెరికాలో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్, అక్కడి భారతీయ సంతతి పిల్లలకు స్పెల్లింగు మొదలైన పోటీలు నిర్వహించి, తద్వారా వచ్చిన సొమ్ముతో ఇక్కడి పేద విద్యార్థుల ఉన్నత విద్యకు సహాయపడుతున్నది.

ఇంటర్మీడియట్ తరువాత కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కళాశాల విద్యార్థుల ఉపకార వేతనం ఉన్నది. బోర్డు పరీక్షలలో 80వ పర్సంటైల్‌కు పైన నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలకు మించనివారు దీనికి అర్హులు. డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12,000, పోస్టుగ్రాడ్యుయేట్ స్థాయిలో 20,000 రూపాయలు ఇస్తారు. దీనికి ప్రత్యేకంగా పరీక్ష ఏదీ లేదు. ఇంటర్మీడియట్ మార్కులే ప్రాతిపదిక. దరఖాస్తు మాత్రం అదే పోర్టల్‌లో, అదే ఆధార్ పేరుతో చేయవలెను.